సెలూన్ అప్పయ్య మతిమరుపు

మా కిరందుల్ బజార్లో సెలూన్ అప్పయ్యంత మతిమరుపు మనిషి ఇంకొకడు లేడు. బైలదిలా కొండల్ని అడుగుదాకా తవ్వినా అలాంటి ఖనిజం మళ్లీ దొరకదని మా ఆయన అనేవాడు. మీరు అతని కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకుని, మీ పెళ్లి సంగతి చెప్పారనుకోండి. కత్తెర ఆపేసి, కళ్లింత చేసుకుని, "అబ్బో! తర్వాత?" అంటాడు. వారం పోయాక గడ్డానికి వెళ్లి అదే పెళ్లి మళ్లీ ఎత్తుకుంటే అవే కళ్లు, అదే ఆగిన కత్తెర, అదే "తర్వాత?". "అయ్యో, మొన్న చెప్పినట్టున్న గదా" అని మీరే నాలిక కరుచుకున్నా వదిలిపెట్టడు. "నాకా? యాదికి లేదు. చెప్పు చెప్పు, మొదట్నించి చెప్పు" అంటాడు.

ఈ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలీదు. నా కుట్టు దుకాణం అతని సెలూన్ పక్కనే. మధ్యలో ఉన్నది గోడ కాదు, చెక్క పలకల అడ్డు. అవతల ఎవరు తుమ్మినా ఇవతల నా చేతిలో దారం తెగుతుంది. అతని కుర్చీలో కూర్చుని చెప్పిన ప్రతి కథా నా మెషీన్ చప్పుడులోంచి దూరి నా చెవిలో పడేది. అప్పయ్యకు గుర్తుండవు గానీ నాకు కంఠస్థం వచ్చేశాయి. లోడింగ్ ప్లాంటులో మా ఆయనతో పాటు పనిచేసి రిటైరైన భూషణం గారికి ఒక పడవ కథ ఉంది. ఆయన దాన్ని మొదలుపెట్టినప్పుడు నేను జాకెట్టు భుజం కుట్టడం మొదలుపెడితే, పడవ తాడు విప్పే చోటికి ఆయన వచ్చేసరికి రెండో చెయ్యి అతుకు అయిపోయేది.

మా కిరందుల్లో ఇన్ని కథలెందుకంటారా? ఇక్కడ ఎవరిదీ ఈ ఊరు కాదు. ఇనుపరాయి పిలిస్తే వచ్చినవాళ్లమే అందరం. శ్రీకాకుళం వాళ్లు, విశాఖ వాళ్లు, ఒరిస్సా వాళ్లు, భద్రాచలం అవతల గోదారి గట్టు వాళ్లు. కొండ వెనకాల ఊళ్లవాళ్లు కూడా పనికి దిగొచ్చి క్వార్టర్లలో ఉంటూ, కళ్లముందే కనిపించే తమ అడవిని ఎక్కడో ఉన్నదానిలా తలుచుకుంటారు. ఇక్కడ చెట్టు ఆకు ఎరుపు, ఆరేసిన పంచె ఎరుపు, కుక్కపిల్ల ఎరుపు. కానీ ఎవరి నోట ఊరి మాట వచ్చినా ఆ ఊరు మాత్రం పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనాన్ని ఇంట్లోవాళ్లు ఎంతకాలం వింటారు? భార్యలు విసుక్కుంటారు. పిల్లలు టీవీ గొంతు పెంచుతారు. ఇక మిగిలింది అప్పయ్య ఒక్కడే.

డంపర్ డ్రైవర్ సోమారు చిన్నప్పుడు వాళ్ల వాగులో చేప పట్టాడు. మొదటిసారి చెప్పినప్పుడు చేప మూరెడు. దీపావళి వచ్చేసరికి అది చేతులు బార చాపినంత అయింది. హోలీ నాటికి దాన్ని ఇద్దరు మోసుకొచ్చారు, మరుసటేటికి రెండు ఎడ్ల బండి ఎక్కించారు. నేను ఇవతల్నించి నవ్వాపుకోలేక సూది వేలికి గుచ్చుకున్నాను గానీ, అప్పయ్య గొంతులో అనుమానం నలుసంత లేదు.

"అంత చేపనా! వాగుల ఎట్ల పట్టిందిరా సోమారూ?"

"వాగు కూడా పెద్దదే కాకా!"

"అట్లనా. అయితే చెప్పు, మొదట్నించి చెప్పు."

అతని మతిమరుపులో ఒక చిత్రం ఉండేది. కథలు మాత్రమే మర్చిపోయేవాడు. ఎవరికి చెవి పక్క వెంట్రుక ఎంత ఉండాలో, ఎవరి గడ్డం కింద పుట్టుమచ్చ ఉందో, ఎవరికి ఏ సబ్బు పడదో అన్నీ గుర్తే. ఒకసారి నేనే అడిగాను.

"అప్పయ్యన్నా, ఎవరి జుట్టు ఎట్ల కత్తిరించాల్నో అంతా యాదుంటది. కథలే ఎట్ల మర్చిపోతవ్?"

"చేతులు యాదిపెట్టుకుంటయ్ చెల్లె. చెవులు పెట్టుకోవు. వాటికి ఆ పక్క కూడా తొవ్వ ఉన్నది గదా" అని రెండో చెవి చూపించాడు.

నేను కూడా చెప్పుకున్నదాన్నే. మా ఊరు కొంట. కరెంటు పోయి కస్టమర్లు లేని మధ్యాహ్నాలు పలకల సందులోంచి మా అమ్మ సంగతి చెప్పేదాన్ని. తెల్లారకముందే లేచి ఇప్పచెట్టు కింద రాలిన పూలు ఏరుకొచ్చి ఆరబోసేది, ఆ వాసనకు మాకు మెలకువ వచ్చేది. తర్వాత అందరం శబరికి పోయేవాళ్లం. నేను శబరి దగ్గరికి వచ్చేసరికి అతను తప్పకుండా అడ్డం పడేవాడు.

"శబరి అంటే, వాగా?"

"వాగేంది! నది! ఎన్నిసార్లు చెప్పాలె నీకు, పెద్ద నది!"

"ఓహో, నదా. చెప్పు చెప్పు."

ఇలా సాగిపోతుంటే వెంకన్న సేఠ్ గడ్డం దగ్గర చిక్కు వచ్చి పడింది.

వెంకన్న మా బజారు కమిటీ అధ్యక్షుడు. సెలూన్‌కి ఎదురుగా హార్డ్‌వేర్ దుకాణం. వయసులో ఉన్నప్పుడు ఒక ట్రంకుపెట్టె నిండా తాళాలు నింపుకుని రైలెక్కి, సొరంగాలన్నీ దాటి ఇక్కడ దిగి, స్టేషన్ బయట దుప్పటి పరిచి అమ్మాడట. ఆ రోజు గడ్డం చేయించుకుంటూ, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని ఆ సంగతే చెబుతున్నాడు. అప్పయ్య కత్తి ఆపి ఆశ్చర్యపోయాడు.

"అట్లనా! అయితే నీది తాళాల దుకాణమా సేఠ్?"

వెంకన్న కళ్లు తెరిచాడు. సెలూన్ తలుపుకి వేలాడుతున్న తాళం తన దుకాణంలోదే. రోడ్డుకి అటుపక్క బోర్డు మీద తన పేరంత పెద్దగా తాళం బొమ్మ. పైగా ఆ ప్రశ్న అడిగినవాడి చేతిలో కత్తి, ఆ కత్తి తన గొంతు మీద. అప్పయ్యకు ఇవాళ దుకాణం గుర్తులేదు, రేపు అది గొంతు అని గుర్తుంటుందా? వెంకన్న తెల్లగుడ్డతోనే లేచి, సగం గడ్డంతో, సగం నురగతో రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

సాయంత్రమే కమిటీ కూర్చుంది. సెలూన్ ఉన్న కొట్టు కమిటీదే.

"ఆయన మంచోడే. కాదన్నోడు లేడు. కానీ మతి పోయిన మనిషి చేతిల కత్తి ఉండొద్దు. డాక్టరు బాగున్నడంటేనే సెలూను. లేదంటే కొట్టు ఖాళీ చెయ్యాలె" అన్నాడు వెంకన్న.

అప్పయ్య తల వంచుకుని విన్నాడు. పెళ్లాం పోయిన మనిషి, పిల్లల్లేరు. ఆ కుర్చీ, ఆ అద్దం తప్ప అతనికి ఇంకేం లేవు. నేను కోపం పట్టలేక లేవబోతే, వద్దని చేత్తో సైగ చేశాడు.

అదే నెలలో రాయపూర్ నుంచి ఒక డాక్టరమ్మ, ఆమె మనుషులు వచ్చారు. అరవై దాటినవాళ్ల జ్ఞాపకశక్తి, బుర్ర చురుకుదనం ఎలా ఉన్నాయో ట్యాబ్‌ల మీద ఆటలాడించి చూస్తారట. ప్రశ్నలడిగితే ముసలివాళ్లు బెదిరిపోతారనీ, ఆటైతే సరదాగా ఆడతారనీ వాళ్ల ఉద్దేశం. వాళ్లతో హిడ్మే కూడా ఉంది. మా కొండ వెనకాల ఊరిపిల్ల, నర్సు చదువుకుంది. గోండీలో నవ్వి, హిందీలో అడిగి, తెలుగులో సముదాయించగలదు. వెంకన్న అప్పయ్య పేరు అందరికంటే ముందు రాయించాడు.

క్యాంపు రేపనగా అప్పయ్య పలకల అవతల్నించి పిలిచాడు.

"చెల్లె, ఈ పరీక్ష పాస్ కావాలంటే ఎంత తెలివుండాలె?"

"ఉన్నంత చాలు. భయపడకన్నా."

"అది కాదు. మరీ అంత తెలివి లేకుంట గూడ పాస్ కావొచ్చునా?"

పాపం, భయంతో ఏదో మాట్లాడుతున్నాడనుకుని జాలిపడ్డాను. పొద్దున్నే ఉప్మా పెట్టి, వెంటబెట్టుకుని కమ్యూనిటీ హాలుకి తీసుకెళ్లాను.

హాలు చూస్తే పెద్దలబడి. బల్లలేసి, ఒక్కొక్కరి ముందు ఒక్కో ట్యాబ్ పెట్టారు. ఒక ఆటలో బొమ్మ దుకాణం ఉంటుంది. బియ్యం, ఉప్పు, ఉల్లిగడ్డ, సబ్బు అని గొంతు చెబుతుంది. కాసేపాగి వాటిని గుర్తుపెట్టుకుని బుట్టలో వేయాలి. తానూ అరవై దాటినవాడే కనుక, అందరికీ దారి చూపిద్దామని వెంకన్న ముందు కూర్చున్నాడు. ఒక్క వస్తువూ బుట్టలో వేయలేదు. హిడ్మే అడిగితే, "నేను కొనేటోణ్ణి కాదమ్మా, అమ్మేటోణ్ణి. కౌంటరుకు ఇటుపక్క నిలబడితే నాకు ఏం తోచదు" అన్నాడు. ఇంకో ఆటలో చిలక కనిపిస్తే తాకాలి, కాకి కనిపిస్తే వదిలేయాలి. ముందురోజే తండ్రికి తద్దినం పెట్టొచ్చిన రిటైర్డ్ క్లర్కు ఒకాయన చిలకల్ని వదిలేసి కాకుల్నే తాకుతూ పోయాడు. "వచ్చిన పెద్దాయన్ని పలకరించకుండా ఎలా పంపేస్తానమ్మా?" అని హిడ్మే మీద చిరాకుపడ్డాడు.

అప్పయ్యకు బోర్లించిన ముక్కల ఆట వచ్చింది. ఒక ముక్క తాకితే మామిడిపండు, ఇంకోటి తాకితే గొడుగు. మళ్లీ బోర్లాపడతాయి. రెండో మామిడిపండు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని జత కలపాలి. నేను గుమ్మం దగ్గర బెంచీ మీద ఉన్నాను. అక్కడ జరిగిన మాటలు హిడ్మే తర్వాత నాకు చెప్పింది.

అప్పయ్య ఒక్క జత కూడా కలపలేదు. మామిడిపండు తాకి ఏనుగుని తెరిచేవాడు. ఏనుగుని తాకి గొడుగు తెరిచేవాడు. నుదురు కొట్టుకుని, "ప్చ్, ఎక్కడున్నదో యాదికి లేదు బిడ్డా" అనేవాడు. హిడ్మే కాసేపు చూసి, పక్కకి వంగి మెల్లిగా అంది:

"కాకా, గుడ్డిగా నొక్కుతూ పోయినా అప్పుడప్పుడు ఒక జత కలుస్తది. మీకు ఒక్కసారి గూడ కలవలే. ఏది ఎక్కడున్నదో మొత్తం తెలిసినోడే ఇంత బాగా తప్పించుకోగలడు."

అప్పయ్య చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఆట ఇంత తెలివైందని ముందే చెప్పొద్దా బిడ్డా?"

"కావాలని ఎందుకు ఓడిపోతున్నరు? మేడం మీకు మతి లేదని రాస్తే కత్తి తీసేస్తరంట గదా?"

"పూర్తిగ ఓడిపోను. మధ్యల ఎక్కడో ఆపుతా."

"మధ్యల అంటే?"

"కత్తి పట్టేటంత తెలివి, కథ మర్చిపోయేటంత మతిమరుపు. ఆ రెంటి మధ్య రాయి బిడ్డా, నీకు పున్నెముంటది."

హిడ్మే ఏమనేదో గానీ, అప్పుడే పక్క బల్ల దగ్గర భూషణం గారి వంతు వచ్చింది. ఆయనకు చెవులకు పెట్టుకునే మైకు ఇచ్చారు. అది మాట్లాడించే ఆట. మీకు ఇష్టమైన చోటు గురించి చెప్పండి అంటుంది. చెబుతున్నంతసేపూ తెర మీద ఒక నీలం గీత అలలా కదులుతుంది. మాట ఆగితే గీత కూడా సాపైపోతుంది. భూషణం గారు గొంతు సవరించుకుని, సెలూన్ కుర్చీలో వాలినట్టు వెనక్కి వాలారు. హాల్లో సగంమంది లోపల్లోపల నిట్టూర్చారు. పడవ కథ!

"మాది గోదారి ఒడ్డు. నాకప్పుడు పదేండ్లు ఉంటయేమో. మా అక్క పెండ్లి. మగపెండ్లోళ్లు అవతలి గట్టున ఉన్నరు. మా అక్క..." ఆగారు. "మా అక్క పేరు..."

నీలం గీత సాపైపోయింది.

"పర్లేదు తాతా, పేరు లేకుంట చెప్పండి" అంది డాక్టరమ్మ పక్కనున్న అమ్మాయి హిందీలో.

"పేరు లేకుంట పెండ్లెట్ల అయితదమ్మా?" అన్నారాయన. హాలంతా చూశారు, ఎవరో ఆ పేరు తీసి దాచిపెట్టినట్టు. ఆయన భార్య దుర్గమ్మ వదిన ఆ రోజు రాలేదు. మేమంతా ఆ కథ ఎన్నిసార్లో విన్నవాళ్లమే, కానీ సగం చెవితో విన్నవాళ్లం. ఆ పేరు ఒక్కరి నోటికీ రాలేదు. కంఠస్థం అనుకున్న నాకు కూడా ఆ క్షణంలో మెషీన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆయన వేళ్లు మైకు వైరుని పీక్కోవడం మొదలుపెట్టాయి.

"ఉప్పలమ్మ" అన్నాడు అప్పయ్య, తన ట్యాబ్ మీంచి తల ఎత్తకుండానే.

"ఆ! ఉప్పలమ్మక్క!" భూషణం గారి మొహం వెలిగింది. "మా ఉప్పలమ్మక్క పెండ్లి. పడవాయనేమో... పడవాయన..."

"కల్లు తాగి ఇసుకల పండిండు."

"ఇసుకల పండిండు! ఎంత లేపినా లేస్తలేడు. డప్పులోళ్లేమో ముందే వచ్చి పడవల కూసున్నరు. నేనేమో పోటుగాణ్ణి గదా, నేనే తీస్కపోత అని..."

"తాడు..."

"తాడు ఇప్పిన! ఇప్పితే నేను గట్టున, పడవ నీళ్లల్ల! డప్పులోళ్లు లోపల! పడవ పోతనే ఉన్నది. వాళ్లేమో భయానికి అరవకుంట, వాయించుకుంట పోతున్నరు, ఎవరన్న వింటరని! ఎక్కడో కింద ఊర్ల ఆగింది. ఆడ గూడ పెండ్లే! వాళ్ల డప్పులోళ్లు రాక ఏడుస్తున్నరంట. దేవుడే పంపిండని వీళ్లను దించుకొని..."

ఇక అప్పయ్య అందించాల్సిన పని లేకపోయింది. నీలం గీత గోదారిలా పోటెత్తింది. ఆడవాళ్లు ఇత్తడి పళ్లాలు వాయించి ఉప్పలమ్మక్కను పీటల మీద కూర్చోబెట్టడం, ఆమె ముసలిదయ్యాక కూడా తమ్ముణ్ణి చూసినప్పుడల్లా "నా డప్పులు తెచ్చినవారా?" అని అడగడం, అన్నీ ఆయనే చెప్పారు. హిడ్మే చప్పట్లు కొట్టింది. డాక్టరమ్మ కూడా కొట్టింది. భూషణం గారు సన్మానం జరిగినవాడిలా లేచి నిలబడ్డారు.

చప్పట్లు ఆగాయి. ఒక్కొక్కరే అప్పయ్య వైపు తిరిగారు. ముందు నోరు తెరిచింది వెంకన్న.

"అప్పయ్యా! మొన్న నా ఎదురుంగనే ఈ పడవ కథ ఇన్నవ్. ఎన్నడు ఇననట్టు నోరు తెరిచినవ్ గదయ్యా!"

అప్పయ్య గొడుగు ముక్కని వేలితో రుద్దుతున్నాడు.

"నా దుకాణం గూడ నీకు యాదున్నదా?"

"బోర్డు కనబడ్తనే ఉన్నది గద సేఠ్" అన్నాడు బిక్కమొహంతో.

వెనక వరసలోంచి సోమారు గబగబా ముందుకొచ్చాడు. వాళ్ల నాన్నని ఆడించడానికి తీసుకొచ్చాడు ఆ రోజు.

"మరి నా చేప? చెప్పు కాకా, నా చేప ఎంత?"

అప్పయ్య ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఏ ఏడాది చేప, సోమారూ?"

హాలు గొల్లుమంది. సోమారు మాత్రం నవ్వలేదు. నిజానికి ఆ నవ్వు అయ్యాక ఎవరి మొహమూ బాగాలేదు. ప్రతివాడూ తాను ఆ కుర్చీలో కూర్చుని చెప్పుకున్నవన్నీ లెక్కేసుకుంటున్నాడు. ఇన్నాళ్లూ ఈయన మనల్ని ఆడించాడా అని మొహాలు ఎర్రబడ్డాయి. మా ఊళ్లో ఎరుపుకి కొదవా!

మిగిలిన ఆటలు అప్పయ్య దాపరికం లేకుండా ఆడాడు. ఇక దాచి లాభమేముంది? డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెడుతూ, ఈయన జ్ఞాపకశక్తి నాకుంటే నా పరీక్షలన్నీ చదవకుండానే పాసయ్యేదాన్ని అంది. కత్తి దక్కింది. మనుషులు పోయారు.

మర్నాటి నుంచి సెలూన్‌కి ఒక్కడు రాలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, అయినా కట్టుదిట్టంగా బంద్ జరిగింది. కిరందుల్లో గడ్డాలు పెరిగాయి. వాటిమీద ఎర్రదుమ్ము పడి, బస్సు దిగినవాళ్లు ఇదేదో సాధువుల మేళా అనుకునేలా తయారైంది. గని మీద సేఫ్టీ ఆఫీసరు దుమ్ము మాస్కులు గడ్డాల మీద ఆగడం లేదని గోలపెట్టాడు. ఇంట్లోనే గీసుకున్నవాళ్లు చెంపల మీద దూది ముక్కలతో డ్యూటీకెళ్లారు. సోమారు తన జుట్టు తనే కత్తిరించుకుని, అప్పట్నించి కూరగాయల సంతకి కూడా హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు.

అప్పయ్య రోజూ సమయానికి తలుపు తీసి, అద్దం తుడిచి, కుర్చీ తుడిచి, ఆ కుర్చీలో తనే కూర్చునేవాడు. పలకల అవతల నిశ్శబ్దం. నా మెషీన్ చప్పుడు నాకే చెవులు పోయేంత గట్టిగా వినిపించేది. నాకూ కోపమే. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు దారం అయిపోయిందో, కోపమే అయిపోయిందో, పలకల దగ్గరికి వెళ్లి అడిగేశాను.

"శబరి నది అని నీకు తెలుసు గదా?"

"తెలుసు" అన్నాడు అవతల్నించి.

"మరి వాగా, వాగా అని నన్ను ఎందుకు సతాయించినవ్?"

అవతల కుర్చీ కిర్రుమంది. తర్వాత మెల్లగా అన్నాడు:

"నది! అని కోపంగ అన్నప్పుడల్లా నీ గొంతు కొంట దాక పోయొచ్చేది చెల్లె. అందుకే అడిగేటోణ్ణి."

నేను పలకల సందుకి చెవి ఆనించాను. అతనే చెప్పాడు.

"నాది కిష్టారం. కుర్రతనంల పని కోసం ఈడికొచ్చిన. ఒక సెలూన్ మేస్త్రి దగ్గర చేరిన. ఊరి మీద బెంగ. పొద్దుగూకితే మా ఊరి సంగతి చెప్పేటోణ్ణి. రెండోసారికే ఆ మేస్త్రి, 'చెప్పినవ్ గదరా' అన్నడు. తిట్టలే, కొట్టలే. గంతే అన్నడు. ఆనాటి సంది నేను మళ్ల ఎవరికి చెప్పలే. తర్వాత అడవిల తుపాకులు మోగే చెడ్డరోజులొచ్చినయ్, బస్సులు ఆగినయ్, ఊర్ల మనుషులు తలో దిక్కు పోయిండ్రు. పొయ్యి చూసొద్దామన్నా చూసేటందుకు ఎవరు లేరు. ఊరు ఎంతో దూరం లేదు చెల్లె, కానీ నోట్లనే ఉండిపాయె. ఎవరన్న ఈ కుర్చీల కూసొని ఊరి మాట ఎత్తితే, 'చెప్పినవ్ గదా' అనేటందుకు నాకు నోరు రాదు. మోసమే అనుకో. ఏం చెయ్యాలె మరి?"

నేను కత్తెర పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఏం కత్తిరించాలో మర్చిపోయాను.

బంద్‌ని విరిచింది దుర్గమ్మ వదిన. డాక్టరమ్మ భూషణం గారి సంగతి ఆమెకు విడిగా చెప్పిందట. జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారుతున్నాయి, మందులిస్తాం, జగదల్‌పూర్‌లో చూపిస్తూ ఉండండి, రోజూ ఆయనతో పాత సంగతులు మాట్లాడుతూ ఉండండి అని. ఒక పొద్దున దుర్గమ్మ వదిన బజారు మధ్యలోంచి, అన్ని గడ్డాలూ చూస్తుండగా, భూషణం గారి చెయ్యి పట్టుకుని సెలూన్ మెట్లెక్కింది.

"అప్పయ్యన్నా, ఈయనకు గడ్డం చెయ్యి. చేసుకుంట ఈయన సంగతులు ఈయనకు చెప్పు."

"నువ్వుండంగ నేనెందుకు చెల్లెమ్మా?"

"నాకేడ తెలుసు? మూడోసారికే నేను లేచి వంటింట్లకు పోయేదాన్ని. సగం కథల చివర ఏమైతదో నాకు ఇప్పటికి తెల్వదు. నీకైతే అన్ని తెలుసు గదా" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు దాచిపెట్టినందుకే ఉన్నయ్. లేకుంటే అవి గూడ పోయేటివే."

ఆమె కావాలని గట్టిగా అందో, సహజంగానే ఆమె గొంతు పెద్దదో గానీ, బజారంతా వింది. మధ్యాహ్నానికి ఇద్దరు గడ్డాలవాళ్లు వచ్చారు. సాయంత్రానికి బెంచీ నిండింది. సోమారు హెల్మెట్ తీస్తే లోపలి జుట్టు చూసి అప్పయ్య అబ్బా అన్నాడు గానీ, ఇంకేమీ అనలేదు. కాసేపు సిగ్గుపడి సోమారు, "కాకా, నిజంగైతే అది మూరెడే" అన్నాడు. "నాకు రెండు ఎడ్ల బండి మీద తెచ్చిందే నచ్చింది. అదే చెప్పు" అన్నాడు అప్పయ్య. వెంకన్న అందరికంటే ఆఖర్న వచ్చాడు. కుర్చీలో కూర్చుని, మెడ చాపి, కళ్లు మూసుకుని, "తాళాల సంగతి నీకు తెలిసిందేననుకో..." అని మొదలుపెట్టాడు. అప్పయ్య కత్తి నూరుతూ ఊఁ కొట్టాడు.

ఇప్పుడు భూషణం గారు రోజూ వస్తారు. గడ్డం ఉన్నా లేకపోయినా వస్తారు. అప్పయ్య ఆయన కథ ఆయనకు చెబుతాడు. ఒక్కో రోజు ఆయన అందుకుని చివరిదాకా పరిగెత్తుతారు. ఒక్కో రోజు ఎవరిదో వింటున్నట్టు విని, "పడవ ఇప్పిన పిలగాడెవడో గానీ దొంగ సచ్చినోడు" అని కడుపుబ్బా నవ్వుతారు. అలాంటి రోజు అప్పయ్య కూడా నవ్వుతాడు. కాకపోతే సబ్బు కలిపే చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

అలాంటి ఒక రోజు భూషణం గారే అడిగారు, "నీది ఏ ఊరు బావా?" అని.

ఇన్నేళ్లలో అప్పయ్యని ఆ మాట అడిగినవాళ్లు లేరు. అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత ఘోరంగా చెప్పాడంటే నేను మెషీన్ ఆపేశాను. ఊరికి దారి చెప్పాడు. దారిలో వాగు చెప్పాడు. వాగు దగ్గర ఎవరిదో మేక తప్పిపోతే దాన్ని వెతకడానికి పోయి, అసలు కథని అడవిలో వదిలేశాడు. "అసలు సంగతికి రావయ్యా!" అని భూషణం గారు కసురుకున్నారు. మర్నాడు మళ్లీ, "నీది ఏ ఊరు బావా?" అని అడిగారు. ఆయన నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు. అప్పయ్య మళ్లీ చెప్పాడు. మేక ఈసారి తొందరగానే దొరికింది. రోజూ మొదటిసారే వినేవాడు ఎదురుగా ఉంటే ఎంత చేతకానివాడికైనా కథ పట్టుబడుతుంది.

నిన్న మాత్రం నేను గుడ్డ పక్కన పెట్టి మరీ విన్నాను.

"మా నాయిన గూడ ఇదే పని. ఊరూరు తిరిగి గడ్డాలు చేసేటోడు. ఆ చుట్టుపక్కల మొత్తానికి అద్దం ఒక్కటే, మా నాయిన సంచిల. నేను పట్టుకొని నిలబడేది. గడ్డం లేనోళ్లు గూడ వచ్చేటోళ్లు, ఊరికే మొకం చూసుకుందామని. ఒకనాడు ఒక ముసలవ్వ వచ్చింది. ఎన్నేండ్లాయెనో ఏమో అద్దం చూడక. నేను పట్టిన. చూసింది. చూసి, కొంగు సర్దుకొని, 'అమ్మా! ఎప్పుడొచ్చినవే?' అని అద్దంతోని మాట్లాడవట్టె. తిన్నవా అని అడిగింది. నాయిన ఎట్లున్నడని అడిగింది. మా నాయిన నాకు సైగ చేసిండు, కదలకు అని. నా చేతులు గుంజుతున్నయ్. అయినా పట్టుకొనే ఉన్న. అవ్వ మాటలన్నీ అయినంక, 'మళ్ల రాయే' అని చెప్పి, కట్టె ఊతంగ పట్టుకొని పోయింది."

బెంచీ మీద వెంకన్న ఉన్నాడు, సోమారు ఉన్నాడు. ఇవతల నేనున్నాను. కొండమీంచి రాయి మోసుకొచ్చే బెల్టు చప్పుడు ఒక్కటే దూరంగా వినిపిస్తోంది.

భూషణం గారు తెల్లగుడ్డలోంచి చెయ్యి తీసి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నిజంగానే కోపమొచ్చి అడిగారు:

"ఇంత మంచి కథ పెట్టుకొని ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే బావా?"

"ఇప్పుడే యాదికొచ్చింది" అన్నాడు అప్పయ్య.